చదువుల మధ్య వీగన్ వంట: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె లేకుండా సొంతంగా వండుకుంటున్న విద్యార్థులు ఈసారి ఎక్కువగా రాశారు. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: ఉదయం ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకి వస్తాను. ఆ తర్వాత గంటసేపు వంట చేసే ఓపిక ఉండదు. చివరికి బ్రెడ్డు, జామ్‌తో సరిపెట్టుకుంటున్నాను. వారమంతా ఇంటి వంట తినాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: రోజూ మొదటి నుంచీ వండాలని పెట్టుకోకండి. వారంలో రెండుసార్లు, ఒక్కోసారి గంటన్నర చొప్పున, ఆలస్యం చేసే పనులు ముగించేయండి. శనగలు, రాజ్మా లాంటి గింజలు ఉడకడం, ఉల్లిపాయ మగ్గడం, కూరగాయలు కోయడం, సాయంత్రపు సమయమంతా మింగేసేవి ఈ మూడే. ఇవి సిద్ధంగా ఉంటే రోజువారీ వంట పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది.

ఆదివారం వండాలనుకుంటే శనివారం రాత్రే 250 గ్రాముల కాబూలీ శనగలు లీటరు నీళ్లలో, చెంచాడు ఉప్పు వేసి నానబెట్టండి. ఎనిమిది నుంచి పది గంటలు నానాలి. మర్నాడు ఆ నీళ్లు పారబోసి, గింజలు కడిగి కుక్కర్‌లో వేయండి. గింజల మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె వేయాలి. నూనె రుచి కోసం కాదు, నురగ పొంగి ఆవిరి గొట్టానికి అడ్డుపడకుండా చూడటానికి. అదే కారణంతో గింజలు, నీళ్లు కలిపి కుక్కర్ సగానికి మించకూడదు. ఆవిరి పూర్తిగా పట్టాక మంట తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచి, ఆపేసి, ఆవిరి దానంతట అదే పోనివ్వండి. వెయిట్ ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే గింజల తొక్కలు చిట్లిపోతాయి.

ఈ 250 గ్రాములు ఉడికాక సుమారు 600 గ్రాములవుతాయి. అంటే 150 గ్రాముల చొప్పున నాలుగు పూటలు.

కుక్కర్ పొయ్యి మీద ఉండగానే పక్క పొయ్యి మీద మూలముద్ద, అంటే కూరలకి ఆధారమయ్యే ఉల్లిపాయ, టమాటా ముద్ద, మొదలుపెట్టండి. ఉల్లిపాయలు మూడు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, బొటనవేలంత అల్లం, పండిన టమాటాలు ఐదు, నూనె మూడు పెద్ద చెంచాలు. ఉల్లిపాయ సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి మధ్యస్థ మంట మీద పన్నెండు నిమిషాలు వేయించాలి. తెల్లగా ఉన్నప్పుడే టమాటా వేసేస్తే ఆ పులుపుకి ఉల్లిపాయ మెత్తబడటం ఆగిపోయి, కూరలో ముక్కలు పంటికి కరకరమని తగులుతాయి. అంచులు బంగారు రంగుకి తిరిగాక అల్లం, వెల్లుల్లి, తర్వాత టమాటా. గరిటెతో పక్కకి జరిపితే గిన్నె అడుగు ఒక్క క్షణం కనబడాలి, నూనె అంచుల్లో తేలాలి. అప్పుడు దించండి. దీన్ని నాలుగు భాగాలు చేసి రెండు ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

ఇంకొక్క పని, నువ్వుల సాస్. నువ్వుల పేస్టు నాలుగు పెద్ద చెంచాలు, ఒక నిమ్మకాయ రసం, దంచిన వెల్లుల్లి రెబ్బ, ఉప్పు. నిమ్మరసం పడగానే పేస్టు గట్టిపడి ఉండకట్టినట్టవుతుంది. పాడైందనుకుని పారేయకండి. చల్లటి నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ గిలకొడితే నాలుగో చెంచా దగ్గర అది వదులై, లేత తెలుపుకి తిరిగి జారుతుంది. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే మాత్రం పిసరు పిసరుగా విడిపోతుంది.

ఇక సోమవారం మూలముద్దలో శనగలు, అర గ్లాసు నీళ్లు వేసి మరిగిస్తే కూర. మంగళవారం అవే శనగలు, పచ్చి కూరగాయ ముక్కలు, నువ్వుల సాస్ కలిపితే సలాడ్. బుధవారం మిగిలినవి నీళ్లు లేకుండా పెనం మీద వేయించి బ్రెడ్డులోకి. ఉడికిన గింజలు ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులకి మించి ఉంచకూడదు కాబట్టి రెండో విడత వంట బుధవారం రాత్రి పడుతుంది. అన్నానికి మాత్రం ఈ లెక్క వర్తించదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: రాత్రి వండిన అన్నం గిన్నెలోనే ఉంచి మర్నాడు బాగా వేడిచేసి తింటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి మరిగే నీళ్లలోనూ చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి. మళ్లీ వేడిచేస్తే బ్యాక్టీరియా చావవచ్చు కానీ వాంతులు తెప్పించే ఆ విషం అలాగే మిగులుతుంది. అన్నం వాసన రాకపోయినా, మెత్తబడకపోయినా ఈ ప్రమాదం ఉంటుంది.

వండగానే తినేది తీసుకుని, మిగిలినది వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆరనివ్వండి. గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. లోతు గిన్నెలో కుదించి పెడితే ఫ్రిజ్‌లోనూ మధ్యభాగం చాలాసేపు వేడిగానే ఉండిపోతుంది. మర్నాటికల్లా తినేయాలి. అంతకన్నా ఎక్కువ వండితే ఒక్కో పూటకి ఒక్కో పొట్లంగా ఫ్రీజర్‌లో పెట్టండి. తీసి ఒక చెంచా నీళ్లు చిలకరించి, మూతపెట్టి మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా వేడిచేస్తే మెతుకు మళ్లీ మెత్తబడుతుంది. ఒకసారి వేడిచేసినది మళ్లీ దాచకండి. పాస్తాకీ ఇవే జాగ్రత్తలు.

ప్రశ్న: ఎర్ర రాజ్మా నానబెట్టకుండా పొద్దున స్లో కుక్కర్‌లో వేసి వెళ్లాను. సాయంత్రానికి మెత్తగానే ఉన్నాయి. తిన్న రెండు గంటలకి విపరీతమైన వాంతులు. రాజ్మా నాకు పడదా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తప్పు రాజ్మాది కాదు, ఉడికించిన పద్ధతిది. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రకంలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (హాని చేసే ఒక రకం ప్రొటీన్) ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఆ లెక్టిన్ నాశనం కావాలంటే నీళ్లు పూర్తిగా మరగాలి. స్లో కుక్కర్‌లో లోపలి వేడి చాలాసార్లు మరిగే స్థాయికి చేరదు. సుమారు 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే గింజ మెత్తబడుతుంది కానీ లెక్టిన్ పోదు సరికదా, పచ్చివాటికన్నా ఎక్కువ హాని చేయవచ్చు. మెత్తబడితే ఉడికినట్టే అనుకోవడం ఇక్కడ ప్రమాదకరం.

కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి, బుడగలు తెర్లుతూ మరుగుతుండగా గడియారం చూసి అరగంట ఉడికించండి. పది నిమిషాలు చాలన్న సూచనలూ ఉన్నాయి, మేం మాత్రం అరగంటే చెబుతాం. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వేసుకున్నా భయం లేదు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నానబెట్టి అందులో మెత్తగా ఉడికిస్తే చాలు. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికించినది, అది కడిగి నేరుగా వాడుకోవచ్చు.

ప్రశ్న: రెండు గంటలు ఉడికించినా శనగలు రాళ్లలాగే ఉన్నాయి. టమాటా, ఉప్పు ముందే వేసి ఉడికించాను. ఉప్పు వల్లేనా?

జవాబు: ఉప్పు వల్ల కాదు, టమాటా వల్ల. గింజలోని కణాల గోడల్ని అతికించి ఉంచే పెక్టిన్‌ని పులుపు కరగనివ్వదు. టమాటా, నిమ్మ, వెనిగర్, ఏదైనా సరే గింజ వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడ్డాకే పడాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే తొక్క ఇంకా మెత్తబడుతుంది, కాబట్టి ఉప్పుని నిందించనక్కర్లేదు.

ఇంకో రెండు కారణాలు ఉండవచ్చు. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లయితే పావు చెంచా వంట సోడా వేయండి, అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న గింజలైతే ఏం చేసినా పూర్తిగా మెత్తబడవు. రాత్రంతా నానినా ముడతలు విప్పుకోని గింజలు అలాంటివే. తక్కువ కొనండి, త్వరగా వాడేయండి.

ప్రశ్న: నా బరువు 58 కిలోలు. ప్రొటీన్ పౌడర్ లేకుండా వీగన్ భోజనంతో ప్రొటీన్ సరిపోతుందా? గింజలు, ధాన్యం ఒకే పూట కలిపి తినాలంటారు, నిజమేనా?

జవాబు: పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములన్నది వాడుకలో ఉన్న లెక్క. మీకు అది 46 గ్రాములు. మొక్కల ప్రొటీన్ అరుగుదల కొంచెం తక్కువ కాబట్టి కిలోకి ఒక గ్రాము, అంటే 58 గ్రాములు పెట్టుకోండి.

పొద్దున 60 గ్రాముల ఓట్స్, పావు లీటరు సోయా పాలు కలిపి సుమారు 15 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల ఉడికిన శనగలు, 75 గ్రాముల బియ్యపు అన్నం 18 గ్రాముల దాకా. రాత్రి 60 గ్రాముల ఎర్ర మైసూరు పప్పు, రెండు బ్రెడ్డు ముక్కలు ఇంకో 18 లేదా 19. మధ్యలో గుప్పెడు వేరుశనగలు, 30 గ్రాములు, ఏడు. అంటే 58 దాటేశాం, డబ్బా పౌడర్ లేకుండానే. ఈ లెక్క తప్పేది సాధారణంగా ఒక్కచోటే. సోయా పాలకి బదులు బాదం పాలు పోస్తారు. బాదం పాలలో గ్లాసుకి ఒక గ్రాము ప్రొటీన్ ఉంటే గొప్ప. రంగు ఒకటే, పోషణ ఒకటి కాదు.

ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం ధాన్యంలో తక్కువ, గింజల్లో ఎక్కువ. రెండూ తినాలి, నిజమే. కానీ ఒకే పూట కలిపి తినాలన్న నియమం లేదు. రోజు మొత్తంలో రెండూ పడితే చాలు.

ప్రశ్న: విటమిన్ బి12 కోసం స్పిరులినా అనే నాచు పొడి తీసుకుంటున్నాను. మాత్రలు ఇష్టం లేదు. ఆరోగ్యంగానే ఉన్నాను. ఇలాగే కొనసాగించవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో మాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. స్పిరులినాలో ఉండేదాంట్లో ఎక్కువ భాగం బి12ని పోలిన పదార్థమే, మన శరీరానికి అది పనికిరాదు. పులియబెట్టిన పదార్థాలు, మొలకలు, కడగని కూరగాయలు, వీటిలో దేన్నీ నమ్ముకోకూడదు. బి12ని తయారుచేసేది సూక్ష్మజీవులు. మొక్కలకి అది అక్కర్లేదు కాబట్టి వాటిలో ఉండదు.

‘ఆరోగ్యంగానే ఉన్నాను’ అన్నదే ఇక్కడ మోసం చేస్తుంది. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లు లాక్కొస్తుంది. పైగా ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ వల్ల రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల మాత్రం నరాలు దెబ్బతింటూ ఉంటాయి. పాదాలు, చేతివేళ్లు తిమ్మిరెక్కడం, మతిమరుపు, నడకలో తూలడం దాకా వెళ్లవచ్చు. ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు.

రోజువారీ అవసరం 2.4 మైక్రోగ్రాములే. కానీ మాత్ర పెద్దదయ్యేకొద్దీ పేగు పీల్చుకునే వంతు బాగా తగ్గుతుంది. అందుకే రోజూ అయితే 10 మైక్రోగ్రాములు, వారానికి ఒకసారి అయితే 2000 మైక్రోగ్రాములు అన్న లెక్క. 1944లో మొదలైన వీగన్ సొసైటీ చెప్పేదీ ఇదే. మాత్ర వద్దనుకుంటే బి12 కలిపిన సోయా పాలు, న్యూట్రిషనల్ ఈస్ట్ (పిండి పొంగించడానికి కాక, తినడానికి వాడే ఈస్ట్) లాంటివి రోజుకి రెండు మూడుసార్లు, మొత్తం 3 మైక్రోగ్రాములకి తగ్గకుండా తీసుకోవాలి. కలిపారో లేదో ప్రతి డబ్బా మీదా చదవాలి, అన్ని రకాల న్యూట్రిషనల్ ఈస్ట్‌లోనూ బి12 ఉండదు. బిజీ విద్యార్థికి వారానికో మాత్రే తేలిక. ఇప్పటికే తిమ్మిర్లు ఉంటే మాత్రం సొంత వైద్యం కాకుండా రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు వాడండి.

ప్రశ్న: పప్పు, ఆకుకూర రోజూ తింటున్నా ఐరన్ తక్కువని పరీక్షలో వచ్చింది. భోజనం కాగానే టీ తాగే అలవాటుంది.

జవాబు: ముందు ఆ టీని గంట జరపండి. టీ, కాఫీలలోని పాలీఫినాల్స్ మొక్కల్లోని ఐరన్‌ని పట్టేసి, పేగుకి అందనివ్వవు. విటమిన్ సి దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. అందుకే పప్పులో నిమ్మరసం పొయ్యి ఆపాకే పిండాలి, మరిగితే విటమిన్ సి కొంత పోతుంది. పచ్చి క్యాప్సికం ముక్కలు, నారింజ కూడా అదే పూట తింటే మంచిది. పాలకూరలో ఐరన్ ఉన్నా దాన్ని అడ్డుకునేవీ ఉన్నాయి, దాని మీదే ఆధారపడకండి. మాత్రలు ఎంతకాలం వాడాలన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం.

ప్రశ్న: టోఫు (సోయా పనీర్) పెనానికి అంటుకుపోయి, తీస్తే చిదురుపలవుతోంది. రుచీ పట్టడం లేదు.

జవాబు: ముందు గట్టి టోఫు అవునో కాదో చూడండి. జున్నులా మెత్తగా ఉండే సిల్కెన్ రకం వేపుడుకి పనికిరాదు. గట్టిదాన్ని రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, బాగా ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచండి. ఉప్పు లోపలికి దిగుతుంది, నీళ్లు కొంత బయటికి వస్తాయి. తీసి పొడి గుడ్డ మీద పరిచి అద్దాలి. బరువు పెట్టి అరగంట వేచి ఉండే తీరిక ఉండదు కదా, ఇది దానికన్నా త్వరగా అవుతుంది.

200 గ్రాముల ముక్కలకి ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లి దొర్లించండి. పెనం బాగా వేడెక్కాక నూనె, నూనె వేడెక్కాక ముక్కలు. తర్వాత నాలుగు నిమిషాలు చేయి పెట్టకండి. అంటుకోవడానికి అసలు కారణం తొందర. అడుగు పొర కట్టాక ముక్క దానంతట అదే పెనాన్ని వదులుతుంది, అట్లకాడతో తడితే జరుగుతుంది. జరగకపోతే ఇంకో నిమిషం ఆగండి. సోయా సాస్ దించే ముందు వేయాలి, మొదట్లోనే వేస్తే మాడుతుంది.

టోఫుని ఒకసారి గడ్డకట్టించి కరిగిస్తే మంచు స్ఫటికాలు లోపల రంధ్రాలు చేస్తాయి. అప్పుడు స్పాంజిలా పిండవచ్చు, సాస్‌ని బాగా పీల్చుకుంటుంది. మిగిలిన పచ్చి టోఫు నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు, నాలుగు రోజుల్లో వాడేయండి.

ప్రశ్న: గదిలో మైక్రోవేవ్, కెటిల్ తప్ప ఏమీ లేవు.

జవాబు: చాలా చేయవచ్చు. 200 గ్రాముల చిలగడదుంపకి ఫోర్కుతో ఏడెనిమిది చోట్ల గుచ్చి, ఐదు నుంచి ఏడు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి వేడిచేయండి. గుచ్చకపోతే లోపలి ఆవిరికి పగిలిపోతుంది. మీద డబ్బా రాజ్మా, నువ్వుల సాస్. కుస్‌కుస్‌కి (గోధుమ రవ్వతో చేసే సన్నని పలుకులు) అంతే కొలత మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే ఉడికించే పనే లేదు. ఓట్స్ ఎప్పుడూ మూడు రెట్ల పెద్ద గిన్నెలో, మధ్యస్థ పవర్‌లో. సోయా పాలు పొంగితే శుభ్రం చేసే సమయం వంట సమయాన్ని మించిపోతుంది.

ప్రశ్న: గింజలు మొదలుపెట్టాక కడుపు ఉబ్బరం, క్లాసులో కూర్చోలేకపోతున్నాను.

జవాబు: ఒక్కసారిగా పెంచినట్టున్నారు. వారం పాటు రోజుకి రెండు పెద్ద చెంచాలు, తర్వాతి వారం నాలుగు, అలా వెళ్లండి. నానిన నీళ్లు, డబ్బాలోని నీళ్లు వాడొద్దు. తొక్కలేని ఎర్ర మైసూరు పప్పుతో మొదలుపెడితే అంత ఇబ్బంది ఉండదు. మూడు రెట్ల నీళ్లలో నానబెట్టకుండానే ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది కూడా.

ప్రశ్న: డబ్బా మీద ‘పాలు ఉండవచ్చు’ అని ఉంటే వదిలేయాలా?

జవాబు: అది సాధారణంగా అలర్జీ ఉన్నవాళ్ల కోసం రాసే హెచ్చరిక, అదే యంత్రం మీద పాల పదార్థాలూ తయారవుతాయని. అలర్జీ లేనివాళ్లలో చాలామంది వీగన్‌లు దాన్ని పట్టించుకోరు. చూడాల్సింది పదార్థాల పట్టిక. కేసీన్, వే పొడి, లాక్టోజ్ పాల నుంచి వచ్చేవి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి. ఆహారంలో కలిపే పదార్థాల కోడ్ నంబర్లలో E120 పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు, E904 పురుగుల నుంచి వచ్చే లక్క. ‘నాన్ డెయిరీ’ అని పెద్ద అక్షరాల్లో రాసిన కాఫీలో పాలకి బదులు కలిపే పొడుల్లోనూ కేసీన్ నుంచి చేసే కేసినేట్ ఉండవచ్చు.

ప్రశ్న: పరీక్షల పది రోజులూ పొయ్యి వెలిగించే పని కూడా వద్దనుకుంటున్నాను. ముందే ఏం చేసి పెట్టుకోవచ్చు?

జవాబు: ఫ్రీజర్ ఉంటే మూడు రకాలు చాలు. చిక్కగా ఉడికిన ఎర్ర పప్పు, మూలముద్దలో కలిపిన శనగలు, అన్నం. ఒక్కో పూటకి ఒక్కో డబ్బా, పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి, గడ్డకడితే పదార్థం ఉబ్బుతుంది. మూత మీద పేరు, తేదీ రాయండి. గడ్డకట్టాక పప్పూ కూరా ఒకేలా కనబడతాయి. బంగాళాదుంప ముక్కలు వేయకండి, కరిగాక పిండిపిండిగా, నీళ్లోడుతూ ఉంటాయి. కొత్తిమీర, నిమ్మ కూడా అప్పుడు వద్దు, తినేముందు వేసుకోవాలి.

మర్నాటి పప్పు, కూర డబ్బాలు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. అన్నం గడ్డగానే మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు. వేడిచేసేటప్పుడు సగంలో ఆపి కలిపి, మళ్లీ పెట్టాలి. అంచులు పొగలు కక్కుతున్నా మధ్యలో ఇంకా మంచు ఉండవచ్చు, చెంచా నడిమధ్య గుచ్చి చూడండి.